మా ఆయన ఊదిన ఒక్క స్వరం

ధ్యానంలో కూర్చునేవాళ్ళకి అసూయ ఉండదని మా నాన్న దగ్గరికి వచ్చే శిష్యులందరూ నమ్ముతారు. నేను ఆయన కూతుర్ని. పదో ఏట షాకుహాచి అనే వెదురు వేణువు చేతపట్టాను, ఇప్పటికి నలభై నాలుగేళ్ళు. అయినా ఆ చలికాలం నా కడుపులో ఎంత మంట మండిందంటే, మా ఇంట్లో గది వెచ్చబరిచే కిరోసిన్ స్టవ్ వెలిగించకపోయినా సరిపోయేది.

ఆ మంటంతా ఎవరి మీదో కాదు, మా ఆయన మీద.

మా ఆయన పేరు మిత్సుగు. కిర్యూ ఊళ్ళో ముప్ఫై ఎనిమిదేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇల్లరికం వచ్చి మా ఇంటిపేరు పెట్టుకున్నాడు గానీ, మా ఇంటి విద్య జోలికి ఏనాడూ రాలేదు. నాన్న గదిలో శిష్యులు ఊదుతుంటే పెరట్లోకి వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసేవాడు. ఆయనకి తెలిసిన సంగీతమల్లా బస్సు తలుపు మూసుకునేటప్పుడు మోగే గంట. అందుకే మా కాపురం ముప్ఫై ఏళ్ళు చల్లగా సాగింది. వెదురు నాది, స్టీరింగు ఆయనది, ఎవరి దారి వాళ్ళది.

కిందటి శరదృతువులో ఆయనకి న్యుమోనియా వచ్చింది. ఆసుపత్రిలో మూడు వారాలు పెట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, రోజూ పొద్దున్నే ఊపిరి నెమ్మదిగా, పొడుగ్గా వదలడం సాధన చెయ్యాలన్నాడు. నేను ఆ మాట ఇంట్లో చెబుతుంటే నాన్న పేపరు వెనకనుంచి, ఊపిరి వదలడానికి డాక్టరెందుకు, రేపట్నుంచి నా గదిలోకి రమ్మను అన్నాడు. నేను నవ్వాను. నిజం చెప్పాలంటే చాలా నవ్వాను.

మా దగ్గర కొత్తగా వచ్చినవాళ్ళకి ముందు నేర్పేది 'రో' అనే స్వరం. వెదురుకున్న అయిదు రంధ్రాలూ మూసి, పెదవి అంచున పెట్టి, ఊపిరి ఉన్నంతసేపూ ఆ ఒక్క కింది స్వరమే ఊదాలి. ఊపిరి అయిపోతే మళ్ళీ పీల్చి మళ్ళీ అదే. ఇది సంగీతం కాదు, కూర్చోవడం అంటాడు నాన్న. వచ్చినవాళ్ళు రెండు వారాలు ఓపిక పట్టి, మూడో వారం పాట ఎప్పుడు నేర్పుతారండీ అని అడుగుతారు. నేను మూడో రోజునే అడిగానట. అమ్మ చెప్పేది.

మా ఆయన అడగలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు అదే రోడ్డు మీద అవే స్టాపుల్లో ఆపిన మనిషికి ఒకే స్వరం విసుగనిపించలేదు. నాన్న కొత్తవాళ్ళకి ఇచ్చే ప్లాస్టిక్ వేణువు గొట్టం పట్టుకుని రోజూ ఆరింటికి ఆ గదిలో ముడుచుక్కూర్చునేవాడు. రెండు నెలలు గాలే వచ్చింది. మధ్యమధ్య దగ్గు. నేను వంటింట్లో చారు కాస్తూ వినేదాన్ని. గుమ్మం దగ్గర టైరు గాలి దిగిపోతున్నట్టుంది, పంక్చరు వేయించమంటారా అని ఎగతాళి చేసేదాన్ని. ఆయనా నవ్వేవాడు.

జనవరి నెల, అకాగి కొండ మీంచి పొడి గాలి దిగే రోజులు. ఆ గాలికి పెదవులు పగులుతాయి, తలుపులు బిగుసుకుపోతాయి. ఒక పొద్దున ముల్లంగి తురుముతున్నాను. గదిలోంచి స్వరం వచ్చింది. పెద్దగా లేదు, తియ్యగానూ లేదు. ఎక్కడ మొదలైందో తెలియలేదు. చాలాసేపు ఉంది. ఆగిందో లేదో కూడా తెలియలేదు. నా చెయ్యి మాత్రం తురుముతూనే ఉంది. వేలు తురుముకుని రక్తం వచ్చాక గానీ ఆ సంగతి నాకు తెలియలేదు.

 గదిలో నాన్న, ఇంకోసారి, అన్నాడు.

నాతోనూ ఎన్నోసార్లు అన్నాడా మాట. నాతో అన్నప్పుడు ఎక్కడో తప్పు పోయిందని దాని అర్థం. మా ఆయనతో అన్నప్పుడు, ఇంకాస్త పెట్టమ్మా అని అన్నం అడిగినట్టుంది. ఎనభై ఏడేళ్ళ మా నాన్న గొంతులో అంత ఆకలి నేనెప్పుడూ వినలేదు.

ఆ రోజు నుంచి నాకు ఇంట్లో ఊపిరి సలపలేదు. ఆయన చారు తాగినా, చెప్పులు సర్దినా, చివరికి ప్రశాంతంగా నిద్రపోయినా ఒళ్ళు మండేది. నేనూ పొద్దున్నే నా గదిలో కూర్చుని 'రో' ఊదేదాన్ని. నా స్వరం శుభ్రంగా, బిగువుగా ఉండేది, ఎవరైనా మెచ్చుకునేటట్టు. నాన్న గదిలోంచి ఒక్క మాటా వచ్చేది కాదు. ధ్యానం మాట దేవుడెరుగు, నా చెవులు రెండూ గోడకే అతుక్కుని ఉండేవి.

మార్చి మొదటి ఆదివారం అమ్మ పదమూడో ఏడు సంస్మరణ. అంతకుముందు మొదటి ఏడుకీ, మూడో ఏడుకీ, ఏడో ఏడుకీ మఠంలో అమ్మ పేరున్న ఫలకం ముందు నాన్నే ఊదాడు. నిరుడు ఆయన పళ్ళన్నీ తీసేశారు. కట్టుడు పళ్ళ సందుల్లోంచి గాలి పోతుంది, స్వరం నిలబడదు. కాబట్టి ఈసారి ఊదాల్సింది నేను. ఎవరూ పైకి అనలేదు, అనాల్సిన అవసరం ఏముంది? పద్దెనిమిది నిమిషాల పాత వాదనం ఒకటుంది, మా పరంపరలో అన్నిటికన్నా కష్టమైనది. ఎండాకాలం నుంచీ దాన్నే సాధన చేస్తున్నాను. శిష్యుల్లో పెద్దవాడు మిజునుమా గారని పళ్ళ డాక్టరు, నాన్నకి పళ్ళు కట్టింది కూడా ఆయనే, ఆ వాదనం విని, మినేకోగారూ, ఆ వేళ్ళకి బీమా చేయించండి అన్నాడు.

ఫిబ్రవరి మొదట్లో ఒక మధ్యాహ్నం ముగ్గురం దుప్పటి కప్పి కింద వేడి పెట్టిన పొట్టి బల్ల కింద కాళ్ళు పెట్టుకుని నూడుల్స్ పులుసు తింటున్నాం. మఠానికి ఏమేం పట్టుకెళ్ళాలో నేను చెబుతున్నాను. నాన్న గిన్నె కింద పెట్టి, ఆ రోజు మిత్సుగు ఊదుతాడు అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. ఏం ఊదుతాడని అడిగాను.

"రో."

"నాన్నా, ఆయనకి వచ్చిందే ఒక్క స్వరం. పెద్దస్వామి ఎదుట, చుట్టాలందరి ఎదుట, ఒక్క స్వరం ఊది లేచొస్తాడా?"

"ఒక్కటి చాలు."

"మరి నేను?"

నాన్న నా వైపు చూశాడు. కోపంగా కాదు. అంతకన్నా కోపంగా చూసినా బాగుండేది.

"నువ్వు బాగా ఊదుతావమ్మా. నువ్వు ఊదుతుంటే నువ్వు కనిపిస్తావు. వీడు ఊదితే అక్కడ ఎవరూ ఉండరు. మీ అమ్మ వచ్చి కూర్చోవడానికి చోటుంటుంది."

మా ఆయన కంగారుపడిపోయాడు. మావయ్యగారూ, నాకెందుకండీ, మినేకో ఉందిగా, తనే ఊదుతుంది అన్నాడు. నా చెంప మీద కొట్టినట్టయింది. నలభై నాలుగేళ్ళ నా హక్కుని ఈయన నాకు దానం చేస్తున్నాడు, అదీ నోట్లో నూడుల్స్ పెట్టుకుని. నేను గిన్నెలు తీసుకుని లేచాను. నాకేం అక్కర్లేదు, మామా అల్లుళ్ళు ఇద్దరూ కలిసి చల్లగా ఊదుకోండి అన్నాను.

ఆ మర్నాడే నాన్న ఇంకో పని చేశాడు. తన సొంత వెదురు తీసి మా ఆయన చేతికిచ్చాడు. అది నాన్న ఇరవై ఆరో ఏట తానే కొండకి వెళ్ళి, వేరుతో సహా తవ్వుకొచ్చి, అయిదేళ్ళు ఆరబెట్టి చేసుకున్నది. తేనె రంగు తేలి ఉంటుంది. ముప్ఫై ఏళ్ళ వయసులో నేను దాన్ని అడిగాను. ఇప్పుడే కాదన్నాడు. నలభైలో అడగకుండా ఎదురు చూశాను. యాభైలో ఎదురు చూడటం మానేశానని అనుకున్నాను. దానికి నూనె రాసే పని మాత్రం ఇన్నేళ్ళూ నాదే.

మా ఆయన దాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. పొడి గాలి రోజుల్లో వెదురుని ఊరికే వదిలేస్తే పగులుతుంది. అందుకని స్టవ్ మీద ఎప్పుడూ నీళ్ళ కెటిల్ మరుగుతూ ఉండాలి. ఊదడం అవగానే లోపల తుడిచి, గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టాలి. మా ఇంట్లో నడక నేర్చిన పిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు. ఆయన సంచి మూతి రెండు ముళ్ళు వేసి కట్టేవాడు.

ఆ తర్వాతి వారం, గురువారం. నాన్నని మిజునుమా గారి దగ్గరికి పళ్ళు సరిచేయించడానికి మా ఆయన తీసుకెళ్ళాడు. నేను గది తుడవడానికి వెళ్ళాను. సంచి గూట్లో ఉంది. ముట్టుకోకూడదనే అనుకున్నాను. రెండు ముళ్ళూ విప్పాను, గుడ్డ విప్పాను, ఆయన కూర్చునే చోటే కూర్చుని 'రో' ఊదాను.

పలకలేదు. గాలి పోయింది. పెదవి తిప్పి మళ్ళీ ఊదాను. సన్నగా, ముక్కుతో మాట్లాడినట్టు ఏదో వచ్చింది. మళ్ళీ ఊదాను. అరగంట ఊదానేమో. ప్రతి కొత్త వెదురుకీ అలవాటు పడటానికి కొన్నాళ్ళు పడుతుందని నాకు తెలుసు, వందమంది శిష్యులకి నేనే చెప్పాను. అయినా ఆ పూట నాకు ఒకటే అనిపించింది. ఇది కూడా ఆయన వైపే చేరిపోయింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. వెదురుని చాప మీద పెట్టాను. ఎక్కడ పెట్టానో నాకు తెలుసు, వెలుగుతున్న స్టవ్‌కి మూరెడు దూరంలో. కెటిల్‌లో నీళ్ళు అయిపోయాయి, నింపాలని దాన్ని వంటింట్లోకి పట్టుకెళ్ళాను. నింపాను. అక్కడే పెట్టేశాను. తర్వాత సంచీ తీసుకుని బజారుకి వెళ్ళాను.

మర్చిపోయానని ఎవరికైనా చెప్పొచ్చు. బజారులో ఒక ముల్లంగి కొనడానికి నలభై నిమిషాలు పట్టింది నాకు. గాలి దుమ్ము రేపుతోంది, కొట్లవాళ్ళు పరదాలు దించుకుంటున్నారు. నేను ఆకులు చూశాను, బరువు చూశాను, ఒకటి తీసి ఇంకోటి పెట్టాను. కొట్టమ్మాయి, అన్నీ ఒక్క పొలంలోవేనండీ అంది.

ఇంటికొచ్చేసరికి ఇద్దరూ వచ్చేసి ఉన్నారు. గదిలో నాన్న నిలబడి ఉన్నాడు. మా ఆయన నాన్న కాళ్ళ దగ్గర నుదురు చాపకి ఆనించి ఉన్నాడు. మధ్యలో వెదురు. పెదవి ఆనే చోటు నుంచి మూడో రంధ్రం దాకా పగులు, గోరు దూరేటంత.

"గుడ్డలో చుట్టలేదా?" అన్నాడు నాన్న.

"లేదండీ. వెళ్ళే తొందరలో మర్చిపోయాను. కెటిల్ కూడా చూసుకోలేదు."

నేను గుమ్మంలో ముల్లంగితో నిలబడి ఉన్నాను. మా ఆయన తల ఎత్తలేదు, నా వైపు చూడలేదు. నాన్న ఒక్క మాట అన్నాడు, బయటికి వెళ్ళు అని. మా ఆయన లేచి, నన్ను తప్పుకుని వెళ్ళిపోయాడు. నేను వంటింట్లోకి పోయి ముల్లంగి కడిగాను. పాపం, అంత కంగారులో తానే మర్చిపోయానని నిజంగానే అనుకుంటున్నాడు అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట నన్ను మూడు వారాలు మోసింది.

పగిలిన వెదురుని పనివాడి దగ్గరికి పంపితే జిగురు పెట్టి, మూడు చోట్ల దారం బిగించి కట్టి పంపాడు. నాన్న దాన్ని చూడకుండానే బీరువాలో పెట్టేశాడు. మా ఆయనతో మాటలు మానేశాడు. అన్నం తన గదిలోకే తెమ్మన్నాడు. పొద్దున ఆరింటికి ఆ గది తలుపు మూసే ఉండేది. ఇక సంస్మరణకి ఎవరు ఊదుతారో అడగాల్సిన పని లేకపోయింది. నాకు కావలసింది నాకొచ్చింది.

మా ఆయన ప్లాస్టిక్ గొట్టం కూడా మళ్ళీ ముట్టుకోలేదు. వారం తిరిగేసరికి దగ్గు మళ్ళీ మొదలైంది. ఇదివరకు స్వరం వినిపించిన వేళకి ఇప్పుడు దగ్గు వినిపించేది. డాక్టరు దగ్గరికి వెళ్దాం రండి అంటే, గాలి పొడిగా ఉందిలే, ఎండలొస్తే అదే పోతుంది అనేవాడు. నేను నా పద్దెనిమిది నిమిషాలూ సాధన చేసుకుంటూ ఉండేదాన్ని.

సంస్మరణ నాడు మఠంలో పాతికమంది ఉన్నారు. మంత్రాలు అయ్యాక పెద్దస్వామి నాకు సైగ చేశాడు. అమ్మ ఫలకం ముందు కూర్చుని ఊదాను. ఎక్కడా తప్పు పోలేదు. ఎప్పుడూ నన్ను భయపెట్టే పదకొండో నిమిషం కూడా నీళ్ళు తాగినంత సులువుగా దాటింది. అప్పుడు కళ్ళెత్తి చూశాను. ఊదేటప్పుడు చూడకూడదు, అయినా చూశాను. నాన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు. చివరి వరసలో, తలుపు పక్కన, మా ఆయన చేతిరుమాలు మడిచి నోటికి రెండు చేతులతో అదిమి పట్టుకుని ఉన్నాడు. మొహం ఎర్రగా కందిపోయింది, మెడ నరాలు తేలాయి, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. దగ్గు ఆపుకుంటున్నాడు. ఇంకా ఏడు నిమిషాలున్నాయి. ఏడు నిమిషాలూ ఆపుకున్నాడు.

అందరూ మెచ్చుకున్నారు. పెద్దస్వామి, మీ అమ్మగారు విని ఉంటారమ్మా అన్నాడు. మిజునుమా గారు చేతులు జోడించాడు. నాన్న మోచి బియ్యపుండ ముక్క చిన్నగా తుంచుకుని తిన్నాడు, టీ తాగాడు, మఠం వాళ్ళ కారులో ఇంటికి వెళ్ళిపోయాడు.

మేమిద్దరం నడిచి వచ్చాం. కాలవ గట్టు మీద ఆయన ఆగి కడుపారా దగ్గాడు. వీపు నిమిరాను. చెయ్యి తియ్యకుండానే, వెదురు స్టవ్ దగ్గర పెట్టింది నేను అన్నాను.

"తెలుసు," అన్నాడు.

"ఎలా తెలుసు?"

"నేను చుట్టకుండా వెళ్ళనుగా."

"మరి నాన్నతో మీరే మర్చిపోయానని ఎందుకు చెప్పారు?"

ఆయన చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆయనకి ఉన్నది ఒక్కతే కూతురు. కూతురి మీద కోపం పెట్టుకుని ఈ వయసులో ఎట్లా బతుకుతాడు? అల్లుడి మీదైతే ఎన్నాళ్ళైనా పెట్టుకోవచ్చు. పద, గాలి ఎక్కువవుతోంది."

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. రెండు వారాల దగ్గుకి లెక్క అడిగి ఉంటే బాగుండేది. ఏమీ అడగకుండా ముందు నడుస్తున్న ఆ వీపుని చూస్తే నాకు జాలి రాలేదు, సిగ్గు కూడా తర్వాతే వచ్చింది. ముందు వచ్చింది అసూయే. ఈ మంచితనం ఈయనకి ఎక్కడ్నుంచి వచ్చింది, సాధన చేసింది నేనైతే?

ఇంటికి రాగానే బట్టలు కూడా మార్చుకోకుండా నాన్న గదిలోకి వెళ్ళాను. అంతా చెప్పాను. ముళ్ళు విప్పడం, ఊదటం, పలకకపోవడం, కెటిల్, నలభై నిమిషాల ముల్లంగి, ఏదీ దాచలేదు. ఇదొక్కటైనా నేను చేసినట్టుంటుందని అనుకున్నాను. తప్పు ఒప్పుకోవడానికి గుండె కావాలి, ఆ గుండెనైనా నాన్న చూస్తాడని ఆశ.

నాన్న అంతా విన్నాడు.  తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని దగ్గరికి జరిగాను. నవ్వుతున్నాడు.

"ముప్ఫై ఏళ్ళ నుంచి చూస్తున్నాను, వాడికి అబద్ధం ఆడటం వచ్చని నాకు తెలియదు. నుదురు చాపకి ఆనించి మరీ ఆడాడే! నేను నమ్మాను."

నాన్న కళ్ళలో ఆ మెరుపు, ఆ ముచ్చట, అంతా మళ్ళీ మా ఆయన గురించే. నేను కళ్ళనీళ్ళతో, నన్నేమీ అనవా నాన్నా, తిట్టు, అన్నాను.

"తిట్టించుకుని తేలికపడదామనా?" అన్నాడు. నవ్వు ఆగింది. "పోయి అన్నం వండు. వాణ్ణి ఇక్కడే తినమను, నాతో."

మర్నాడు ఆరింటికి ఆ గది తలుపు తెరుచుకుంది. నాన్న బీరువాలోంచి దారం కట్లున్న వెదురు తీసి మా ఆయన చేతిలో పెట్టాడు. ఊదితే ముందు దగ్గొచ్చింది. తర్వాత గాలి. నేను వంటింట్లో చారు గిన్నె ముందు నిలబడి విన్నాను. చాలాసేపటికి స్వరం లేచింది, పగులు వల్ల కాస్త జీర పోయిన స్వరం. నాన్న, ఇంకోసారి, అన్నాడు.

చారు కింద మంట ఆపేశాను. నా వెదురు తీసుకోలేదు. మూల పడున్న ప్లాస్టిక్ గొట్టం తీసుకుని వెళ్ళి గుమ్మంలో కూర్చున్నాను. ఏం కావాలమ్మా అని నాన్న అడిగాడు, కొత్తగా వచ్చినవాళ్ళని అడిగే గొంతుతోనే. 'రో' నేర్పమన్నాను. వయసెంత అని అడిగి ఉంటే, యాభై నాలుగు అని చెప్పేదాన్నే.

 మా ఆయన ఊదటం ఆపి, తను కూర్చున్న పరుపు మీద పక్కకి జరిగి, సగం చోటు ఖాళీ చేసి అరచేత్తో దుమ్ము దులిపాడు. అంత తేలిగ్గా ఎలా ఇవ్వగలడో ఈ మనిషి అని నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. వెళ్ళి ఆ సగంలో కూర్చున్నాను.